దప్పిగొన్న చెట్టు, దాని పండు

పోయిన మాసము నిమ్మచెట్టు కొమ్మలు కత్తిరించుటను గూర్చి మేము వ్రాసిన మాటలు చదివి, రాజోలు వైపు గ్రామమునుండి యొక సోదరీమణి యిట్లు ప్రశ్నించినారు: “వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట మా పెరటి నూతినీరు ఉప్పు దేలును. త్రాగునీటికే బిందె పట్టుకొని వీధికుళాయి యొద్ద కాచుకొని యుందుము. ఇక చెట్లకు పోయునదెక్కడ? ‘నీళ్లు తగ్గిన చెట్టు పండే తీపి, బలమంతయు దానిలోనే యున్న’దని మా అత్తగారు చెప్పుచున్నారు. తీపి సంగతి నాలుక చెప్పును. బలము సంగతి యెవరు చెప్పుదురు?”

ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. పండు కొనునప్పుడు పెద్దదానిని ఏరుకొనువారు కొందఱు, మెట్టసీమ చిన్నపండే మేలని వాదించువారు కొందఱు. ఇరువురును బలము పేరే చెప్పుదురు. అత్తగారి మాటలో సత్యమున్నది. అయితే అది సగము సత్యము.

కోనసీమవారు నీటికఱవని పలికిన నితర సీమలవారు నవ్వుదురు. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట ముగిసిన నాటినుండి గోదావరి నీరు కాలువల వెంబడి మన వాకిండ్లకు వచ్చుచున్నది. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నడుమ వైనతేయ. ఇన్ని నీళ్ల మధ్య దప్పి యేమని వారి సందేహము. శివారు గ్రామములలో కాపురము చేసినవారికి గాని ఆ సంగతి తెలియదు. కాలువ మొదట నున్నవారికి పొలము నిండి పొరలుచుండగా, చివరనున్నవారికి తడి తగులుటయే భాగ్యము. సముద్రమునకు చేరువైన కొలదిని భూమిలోని తీపినీటి పొర పలుచనగును. వేసవిలో ఎక్కువగా తోడినచో క్రిందనున్న ఉప్పునీరు పైకి వచ్చును. కావున పెరటి చెట్టునకు పోయు ప్రతి చెంబును ఇల్లాలి నెత్తిమీది బిందెలోనుండియే తీయవలెను. తాను దప్పిక తీర్చుకొనకమునుపే మొక్కలకు నీరు పోసెడిదని శకుంతలను మెచ్చుకొందుము గాని, ఆమె ఆశ్రమము ప్రక్కను మాలినీనది పాఱుచుండెనని మఱవరాదు.

ఇక చెట్టు లోపల జరుగునది చూతము. నేల ఎండుచుండగా మొదట ఆ సంగతి తెలిసికొనునది వేరు. అప్పుడు చెట్టులో అబ్సిసిక్ ఆమ్లమను నొక పదార్థము హెచ్చి, ఆకులయందలి సూక్ష్మరంధ్రములను మూయించును. ఆ రంధ్రములగుండనే నీరు ఆవిరియై పోవును. ఆకు తన వంటకు వలసిన గాలిని తెచ్చుకొనునదియు ఆ దారినే. అయితే దప్పి స్వల్పమైనపుడు ఈ రెండును ఒక్కమారే నిలిచిపోవు. మొదట నిలుచునది పెరుగుదల. కాయ పెద్దదగుట యనగా దానిలోని కణములు నీటితో ఉబ్బుటయే గదా! నీరు లేనిది ఉబ్బుటెట్లు? ఆకు చేయు వంట మాత్రము కొంతకాలము సాగుచునే యుండును. క్రొత్త చిగుళ్లు, రెమ్మలు ఆగిపోవుటచే, వండిన చక్కెరలో నెక్కువ పాలు కాయకు చేరును. కాయలోనో నీరు తక్కువ. పొయ్యిమీది బెల్లపుపాకము చిక్కబడినట్లు లోపలి రసము చిక్కబడును. అత్తగారి నాలుక కనిపెట్టిన తీపి యిదియే.

రెండవ కారణము కూడ కలదు. కష్టమునకు లోనైన చెట్టు తన్ను తాను కాపాడుకొనుటకై రంగు, వగరు కలిగించు పదార్థములను హెచ్చుగ చేసికొనును. చిగుళ్లు తగ్గి ఆకు పలుచబడుటచే గుత్తులకు ఎండ బాగుగ తగులును. దానిచే నల్లద్రాక్ష మఱింత నలుపెక్కును. ఈనాటి వైద్యులు మెచ్చుకొను పదార్థములలో పెక్కులు ఈ రంగు, వగరులలోనే యున్నవి. పండు వగరుగా నున్నదని పిల్లలు ఉమ్మివేయునపుడు మనము గుర్తుంచుకొనదగిన మాట యిది.

ఇట్లు చెట్టును కొలది మేరకు దప్పిలో నుంచుట నిప్పుడు శాస్త్రముగనే చేయుచున్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమునందలి తాతురా పరిశోధనాస్థానమువారు, 1980 ప్రాంతములో, పీచు, పియరు తోటలకు కాయ మెల్లగ పెరుగు వారములలో నీరు తగ్గించియు, వేగముగ పెరుగు వారములలో మరల నిండుగ నిచ్చియు చూచిరి. కొమ్మల అనవసరపు పెరుగుదల తగ్గినది గాని పంట తగ్గలేదు. ద్రాక్షతోటలలో మఱియొక ఉపాయము పన్నిరి: వేళ్లలో ఒక ప్రక్క తడిపి రెండవ ప్రక్క ఎండగట్టుదురు, కొన్నాళ్లకు ప్రక్క మార్చుదురు. తడిసిన వేళ్లు చెట్టును బ్రతికించుచుండగా, ఎండిన వేళ్లు ‘నీరు లేదు, జాగ్రత్త’ యని ఆకులకు కబురు పంపుచుండును. కాలిఫోర్నియా తీరమున కొందఱు రైతులు శీతకాలపు వానల తడిమీదనే టొమాటోలు నాటి, ఆపైన నీరే పెట్టక పండించి, ఆ చిన్న పండ్లను హెచ్చు వెలకు అమ్ముకొనుచున్నారు. టొమాటో మనకు కూరగాయయే గాని చెట్టు లెక్కలో అదియు పండే.

కాని యీ ఫలితములన్నియు ఒక్క త్రోవను నడువలేదు. చక్కెర, పులుపు, వగరు హెచ్చుట తఱచుగ కనబడినది. టొమాటో ఎఱుపును, సీ విటమినును గూర్చి యొకచోట హెచ్చెననియు, నొకచోట తగ్గెననియు, నొకచోట మార్పు లేదనియు లెక్కలు వచ్చినవి. జాతిని బట్టి, నేలను బట్టి, దప్పి పెట్టిన దశను బట్టి ఫలము మారును. నీరు తగ్గించినంత మాత్రమున బలము హెచ్చునని చెప్పువారు ఒక తోటను చూచి అన్ని తోటల జాతకము చెప్పువారు.

తగ్గునవియు కలవు. సున్నపుపాలు, అనగా కాల్షియము, వేరునుండి నీటి ప్రవాహముతో పైకి పోవునదే గాని తనంతట తాను నడువజాలదు. నీరు తగ్గిన కాయలో అదియు తగ్గును. టొమాటో కాయ అడుగున నల్లని మచ్చ పడి క్రుళ్లుట మనమందఱమును చూచియున్నాము. అది పురుగని తలచి బూడిద చల్లుదుము. ఒకనాడు వఱద, ఒకనాడు కఱవు అన్నట్లు నీరు పోయుటచే కాయకు కాల్షియము సరిగ అందకపోవుట దానికి ముఖ్య కారణము.

ఇప్పుడు గృహిణుల లెక్కకు వత్తము. పండు బలమును శాస్త్రజ్ఞులు 100 గ్రాముల తూకమునకు చెప్పుదురు. మన మట్లు తినము గదా! మనము పండు తిందుము, చెట్టు కాపు తిందుము. జామపండునే తీసికొందము. 100 గ్రాముల జామలో సీ విటమిను సుమారు 200 మిల్లీగ్రాము లుండును. ఊహకై యొక చెట్టు 150 గ్రాముల కాయలు 100 కాసినదనుకొందము. ఒక్కొక్క కాయలో 300 మిల్లీగ్రాములు, చెట్టు మొత్తమునకు 30 గ్రాములు. అదే చెట్టు దప్పిచే 110 గ్రాముల కాయలు 70 మాత్రమే కాసినదనియు, రసము చిక్కబడి 100 గ్రాములకు 230 మిల్లీగ్రాము లైనదనియు అనుకొందము. తూకము లెక్కను బలము హెచ్చినది. కాయలో నున్నదో 253 మిల్లీగ్రాములే. చెట్టు మొత్తమునకు 17 గ్రాముల చిల్లర. అత్తగారు చెప్పినది మొదటి లెక్క. పిల్లల కడుపు చూచుకొనునది మూడవ లెక్క.

మా పెరటిలోను రెండు జామచెట్లున్నవి. ఒకటి అంట్లు తోముచోటి ప్రక్కది, రెండవది కంచెమూలది. అంట్లచోటి చెట్టు కాయ పిడికిలి నిండుగ నుండును గాని కొఱికిన నీటి రుచియే. కంచెమూలది మూడు వ్రేళ్లలో ఇముడును. ఉప్పు కారము లేకయే తినవచ్చును. పాఠశాల విడిచినంతనే మా మాస్టారి శిష్యులు కన్నువేయునది కంచెమూల చెట్టుమీదనే. వారి కెవరును విటమిను పాఠము చెప్పలేదు! అయినను ఆ చెట్టు పండ్లు నాలుగు రోజులలో నైపోవును; పనిమనిషి బిడ్డకు, మాకును మిగులునది అంట్లచోటి చెట్టే.

ఈ తుదిమాట ఊరక వ్రాసినది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము వయసు వచ్చిన స్త్రీకి దినమునకు 65 మిల్లీగ్రాముల సీ విటమిను చాలును. అనగా పెద్దదో చిన్నదో, చప్పనిదో తీయనిదో, ఒక్క జామపండు పూర్తిగ దక్కిన స్త్రీకి ఆ దినమునకు లోటు లేదు. సందేహ మెల్ల ఆ యొక్కటియు దక్కునా యని. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనత గలవారని తేలినది. తోటకూర, గోంగూరలలోని యినుమును దేహము పట్టుకొనుటకు అదే భోజనమున నిమ్మరసమో జామపండో తోడైన మేలు. కాపు తగ్గిన యేట, ఇంటిలో ఎవరి వంతు మొదట తగ్గుచున్నది? యజమానునిది తగ్గదు, బిడ్డలది తగ్గనియ్యము, ఇంటికి వచ్చిన చుట్టము చేత పెట్టక మానము. కావున చెట్టు దప్పిని మెచ్చుకొనునపుడు, ఆ తీపి యెవరి పాలు తగ్గించి వచ్చినదో చూచుకొనవలెను.

దప్పిని నమ్ముకొని బ్రతుకు సీమయు మన తెలుగునాటనే యున్నది. అనంతపురమున ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మనకు దానికి రెట్టింపు. అక్కడి చీనీ తోటలు, దానిమ్మ తోటలు చూచిన నీటికి వెలకట్టుట యేమో తెలియును. పూత రావలసిన దినములకు ముందు, నేల స్వభావమును బట్టి యొకటి రెండు మాసములు నీరు మాన్పి చెట్టును వాడనిత్తురు. ఆకు రాలును, చెట్టు నిద్రపోయినట్లుండును. పిదప ఎరువు వేసి తడిపినంతనే ఒక్కమారుగ పూయును. తర్వాత బొట్టు బొట్టుగ నీరిత్తురు. దప్పి అచ్చట వరముగ తోచుటకు కారణము అది యెన్నడు పెట్టవలెనో, యెన్నడు తీయవలెనో రైతు చేతిలో నుండుట. ఆ తోటలలోనే, కాయ ఎదిగినపుడు కొన్నాళ్లెండి యొక్కమారు తడిసెనా, దానిమ్మ తొక్క పగిలి గింజలు బయటపడును. ఎండిన తొక్క సాగజాలదు, లోపలి గింజ ఉబ్బుచుండును. మఱి పగులక యేమగును?

కాలమెఱిగి నీరిడుట క్రొత్తగ కనిపెట్టినది కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లకు వేసవిలో ఉదయసాయములను, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల ఎండినపుడు మాత్రమును నీరు పోయుమని చెప్పినాడు. ఈ కాలమువారు దానికి చేర్చినది ఋతువుతో పాటు కాయ దశను కూడ చూడుమనుట.

మన కోనసీమ చెట్లలో అరటిది వేఱు కథ. రావులపాలెము సంతకు గెలలు దించు బండ్లు చూచువారికి దాని నీటిదాహము తెలియకపోవచ్చును. అరటివేరు లోతునకు పోదు. పైపొర ఎండిన దానికి దిక్కు లేదు. ఆకులు వెడల్పు, ఆవిరి మెండు. కర్పూర చక్కెరకేళిగాని అమృతపాణిగాని, గెల వేయు దినములలో దప్పిగొనెనా హస్తములు తగ్గును, కాయలు సన్నగిలును. పెరిగిన కొంచెపు తీపి ఆ నష్టమునకు చాలదు. అరటికి దప్పిలో బలము వెదకుట వృథా. బొప్పాయియు నించుమించు నంతే.

కొబ్బరి సంగతి మఱింత చిత్రము. దాని దప్పి ఈ యేడు కనబడదు. కొబ్బరిచెట్టు మొవ్వులో పూగుత్తి మొలక పుట్టిన నాటినుండి కాయ ముదిరి దించువఱకు సుమారు 44 మాసములు పట్టును. కాబట్టి యొక వేసవి కఱవు ఆ యేట పిందెలు రాల్చుటతో పోవక, రెండు మూడేండ్ల తరువాతి గెలలలోను లెక్క తీర్చుకొనును. కాయ చిన్నదై, లోపలి కొబ్బరి పలుచనై, కురిడీకి నిలిపినవారు తూకము చూచి నొచ్చుకొందురు. “ఈ యేడు వానలు బాగుగనే కురిసెను గదా, కాపు తగ్గుటేల?” యని దిష్టి తీయించువారిని మే మెఱుగుదుము. దిష్టి మూడేండ్లనాటి వేసవిది.

మామిడికి పూతకు ముందు కొంత ఎండ మేలు. పిందె నిలిచిన తర్వాత తడి వలయును. కోతకు రెండు మూడు వారముల ముందు నీరు మాన్పినచో రుచి నిలుచును. కొత్తపల్లి కొబ్బరి చెట్టు క్రింద కాలువ పాఱుచున్నదని గర్వించువారు, దాని పండు పులుపుతేలి చప్పబడుచున్నదేమని యడిగిన, ఆ కాలువనే ముందు చూడవలెను.

రాజోలు సోదరికి మా సమాధాన మిది. కాలువలు కట్టిన వారములలో జామను నిశ్చింతగ వదలిపెట్టవచ్చును. వేసవిలో ఆకు రాల్చి, తొలకరికి పూసి, చలికాలమున కాయు జామయే రుచికిని సీ విటమినుకును మేలైనది. సపోటా ఎదిగిన చెట్టైన ఓర్చుకొనును. మామిడి అప్పటికి కోతకు వచ్చియుండును. దానికిని భయము లేదు. నిమ్మ పిందెమీద నున్న యెడల దానికి వంతు తప్పక పెట్టవలెను. మిగిలిన నీరంతయు అరటికి, బొప్పాయికి, చిన్న కొబ్బరిమొక్కకు. కూర కడిగిన నీళ్లు, బియ్యము కడిగిన నీళ్లు ఏ చెట్టునకైనను మంచివే. పశువున్న యింట అవి కుడితికి పోవును గనుక చెట్టునకు మిగులునో లేదో వారే యెఱుగుదురు. సబ్బునీళ్లు మాత్రము పండ్లచెట్ల మొదట పోయవలదు.

ఉప్పుదేలిన నూతినీరు పోయుట దప్పి తీర్చుట కాదు. నేల తడిగానే కనబడును, వేరు దానిని పీల్చుకొనజాలదు. ఆకు అంచులు మాడినట్లగును. కొబ్బరి దానిని కొంతవఱకు సహించును గాని నిమ్మ, అరటి సహింపవు. రుచికి నీరు తగ్గించుటయు, ఉప్పునీరు పెట్టుటయు ఒకటే యని కొందఱనుచున్నారు. వారి మాట నమ్మి మీ నిమ్మచెట్టును పోగొట్టుకొనకుడు.

మంచినీరు రెండు బిందెలే మిగిలినచో, వానిని మొదట గుమ్మరింపక, అడుగున సన్నని చిల్లి పొడిచి గుడ్డవత్తి దూర్చిన పాతకుండను చెట్టునకు రెండు మూరల యెడముగ మెడవఱకు పాతి, దానిలో పోయుడు. మూతికి చిప్ప మూత పెట్టవలెను. లేకున్న దోమలు గ్రుడ్లు పెట్టును. నీరు రాత్రింబగళ్లు బొట్టు బొట్టుగ వేరునకు చేరును, ఎండకు పోదు. చుట్టును కొబ్బరిపీచు, ఎండాకు జానెడు మందమున పఱచి, మొదలు మాత్రము తాకనీయక వదలుడు. తొలకరి తొలివాన కురిసిననాడు కుండ నింపనక్కఱలేదు గాని, అంతకు ముందు వారము దినములు కొంచెము కొంచెముగ నీరు హెచ్చించుచు వచ్చినచో చెట్టుమీదనున్న నిమ్మకాయలు, దానిమ్మకాయలు ఆ వానకు పగులవు.